సొంతింటి మరమ్మతుకు పన్ను ఊరట 30 వేలేనా?

సంపాదకులకు నమస్కారం.

మేము కాపురముంటున్న ఇల్లు 1986లో కట్టినది. 2023 వానాకాలంలో వంటింటి శ్లాబు పెచ్చులు ఊడి పొయ్యి పక్కనే పడ్డాయి. తాపీమేస్త్రీని పిలిపిస్తే, ఆయన నిచ్చెనెక్కి పైకప్పును సుత్తితో తడుతూ, బోలుగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. దిగి వచ్చేసరికి సగం పైకప్పు ఆ గీతల లోపలే ఉంది. తుప్పు పట్టిన చువ్వలు మార్చి, ప్లాస్టరింగ్, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించడానికి బ్యాంకులో 6 లక్షల రూపాయల రుణం తీసుకున్నాము.

2024–25 సంవత్సరానికి రిటర్న్ వేసేటప్పుడు లెక్క చూస్తే, మేము కట్టిన వడ్డీ 50 వేలు దాటింది. అయితే ఆ రిటర్నుకు వర్తించిన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 24(బి) సెక్షన్ ప్రకారం, సొంతంగా నివసించే ఇంటి మరమ్మతు రుణంపై ఏడాదికి 30 వేల రూపాయల వడ్డీకి మించి మినహాయింపు రాదు. ఇల్లు కొనడానికో కట్టడానికో తీసుకున్న రుణంపై లక్షన్నరగా ఉన్న పరిమితిని 2014 బడ్జెట్‌లో 2 లక్షలకు పెంచినప్పుడు కూడా ఈ 30 వేలను ముట్టుకోలేదు. రుణంలోని అసలు సొమ్ము తీర్చే వాయిదాలకు అదే చట్టంలోని 80సి సెక్షన్ కింద దక్కే మినహాయింపు కూడా కాపురముంటున్న ఇంటి మరమ్మతుకు వర్తించదు. రుణం జోలికి పోకుండా పదవీ విరమణ సొమ్ముతో బాగుచేయించుకున్న వారికైతే ఆ ఏడాది పన్నులో దక్కేది ఏమీ లేదు.

ఇల్లు అద్దెకిచ్చిన వారి విషయం వేరు. మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతాన్ని, ఆ ఏడాది ఇంటికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోయినా, చట్టమే తీసివేస్తుంది. దాన్ని నేను తప్పుపట్టను. ఇల్లన్నాక అరుగుదల ఉంటుందని చట్టం ఒప్పుకున్నట్టే కదా. ఆ అరుగుదల సొంతంగా నివసించే ఇంటికి మాత్రం ఉండదా?

మరమ్మతులలో ఇంటి విలువ పెంచే పనుల ఖర్చును అమ్మేటప్పుడు మూలధన లాభంలోంచి తగ్గించుకోవచ్చని మా ఆడిటరు చెప్పారు. నిజమే గాని, మా వయసువారు ఇల్లు బాగుచేయించుకునేది అమ్మడానికి కాదు, ఉన్నన్నాళ్లు భయం లేకుండా ఆ కప్పు కింద పడుకోవడానికి. పైగా రేట్లు తక్కువగా ఉండి చాలా మినహాయింపులు లేని, 2023–24 నుంచి డిఫాల్టుగా మారిన కొత్త పన్ను విధానంలో ఉంటే, సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీపై ఆ 30 వేలు కూడా పోతాయి.

కాబట్టి మరమ్మతు రుణాల వడ్డీకీ 2 లక్షల పరిమితినే వర్తింపజేయాలని, కనీసం 30 ఏళ్లు దాటిన ఇళ్లకు శ్లాబు, పునాది, వైరింగ్ వంటి భద్రతా పనుల ఖర్చుపై, రుణం ఉన్నా లేకున్నా, పాత, కొత్త పన్ను విధానాలు రెండింటిలోనూ మినహాయింపు ఇవ్వాలని కేంద్ర ఆర్థిక శాఖను కోరుతున్నాను. బిల్లు చూపితేనే మినహాయింపు అని షరతు పెట్టినా అభ్యంతరం లేదు. ఇప్పుడు చీటీ ముక్క మీద లెక్క రాసి నగదు తీసుకునే దుకాణాల్లో అప్పుడు మేమే పట్టుబట్టి బిల్లు అడుగుతాము.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు