ఆ పెద్దమ్మకి నా దండాలు

నోటికి ఇంకా తీగలున్నాయి. మాట్లాడదామంటే పళ్ళ సందుల్లోంచి గాలి తప్ప మాట రావడం లేదు, అందుకే ఫోన్లో టైపు చేస్తున్నాను. అందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి. కాస్త కోలుకున్నాక తీరిగ్గా రాయొచ్చు కదా అని మా తమ్ముడు అంటున్నాడు. కోలుకున్నాక ఈ మనసు ఇలాగే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

జరిగింది చాలామందికి తెలుసు. స్కూలు నుంచి వస్తుంటే విశాఖ దగ్గరి తగరపువలస దాటాక స్కూటీ మీంచి పడ్డాను. గడ్డం నేరుగా రోడ్డుకి కొట్టుకుంది. కింది దవడ రెండు చోట్ల విరిగింది, గడ్డం పక్కన ఒకటి, చెవి ముందు కీలు దగ్గర ఒకటి. దెబ్బ గడ్డానికి తగిలితే కీలు దగ్గర విరగడం మామూలేనని డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి చెప్పారు. గడ్డం దగ్గర టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. కీలు జోలికి కత్తితో పోకుండా, పై పళ్ళకీ కింది పళ్ళకీ కమ్మీలు కట్టి, రెండింటినీ తీగలతో కలిపి బిగించేశారు. అతుక్కునేదాకా నోరు తెరవకూడదు.

ఆపరేషన్ బాగా జరిగింది. సర్జన్‌గారికి, మత్తు డాక్టరుగారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా ఆయన, అమ్మ, తమ్ముడు, అత్తయ్యగారు, పిల్లాణ్ణి చూసుకున్న మా తోటికోడలు, వీళ్ళకి నేను థాంక్స్ చెబితే తిడతారు. వాళ్ళు నావాళ్ళు. అంతే.

నేను చెప్పాలనుకున్న మనిషి నాకు ఏమీ కారు. పక్క మంచం పేషెంటుకి తోడుగా వచ్చినావిడ. శ్రీకాకుళం వైపు సముద్రం పక్క పల్లె. అరవై దాటి ఉంటాయి. నేను పెద్దమ్మా అనేదాన్ని, అంటే మనసులో అనుకునేదాన్ని, నోరు తెరిచి పిలిచింది లేదు కదా.

ఆపరేషన్ అయిన రోజు మత్తులో గడిచిపోయింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వాపు రెండో రోజుకీ మూడో రోజుకీ బాగా పెరుగుతుందని నాకెవరూ చెప్పలేదు. పొద్దున కంటే సాయంత్రం మొహం పెద్దదైంది, సాయంత్రం కంటే రాత్రికి ఇంకా పెద్దదైంది, ఏదో తేడా చేసిందని నేను వణికిపోయాను. ఇలాంటి ఆపరేషన్‌కి మత్తు గొట్టం ముక్కులోంచి వేస్తారు, ఎందుకంటే పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడాలంటే నోరు ఖాళీగా ఉండాలి. ఆ గొట్టం తీసేశాక ముక్కులో నెత్తురు గడ్డకట్టి ఊపిరాడక, గొంతు పుండై గుటక పడక, నోరు చూస్తే తీగలతో కట్టేసి ఉంది. పైగా మంచం తలవైపు ఒక కవర్లో తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయర్ ప్లాస్టరేసి అతికించారు. "వాంతొచ్చి ఊపిరాడకపోతే ఇది వాడతాం" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయారు. ఇక నాకు నిద్రెక్కడిది? కళ్ళు మూస్తే వాంతొస్తుందేమోనన్న భయమే.

ఆడవార్డులో రాత్రిపూట ఒక్కరినే ఉండనిస్తారు. అమ్మ ఉంది. కానీ నన్ను చూస్తే నాకంటే ముందు అమ్మకి ఏడుపొచ్చేది. ఆ రాత్రి అమ్మ మందులు తేవడానికి కిందికెళ్ళింది. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. నేను మంచం కమ్మీ పట్టుకుని కొడుతున్నాను, పిలుద్దామంటే గొంతు లేదు. సిస్టర్ వార్డు అవతలి చివర ఎవరికో సెలైన్ మారుస్తోంది.

పెద్దమ్మ లేచి వచ్చింది. నా వీపు వెనక చెయ్యేసి నిలువుగా కూర్చోబెట్టింది. కంగారుపడలేదు, గట్టిగా అరవలేదు. నా అరచేయి తీసుకుని తన నోటి ముందు పెట్టుకుని, పళ్ళు బిగించి, ఆ సందుల్లోంచి గాలి వదిలి చూపించింది. నా వేళ్ళకి ఆ గాలి తగిలింది. "సూసావా గుంటా, పళ్ళు కట్టేసినా గాలి ఆగదు. ముక్కు మూసుకుంటే ఇలాగ తియ్యి. కంగారెట్టుకోకు, నానున్నాను." నేను అలాగే లోపలికి తీశాను. వచ్చింది. సన్నగా, చప్పుడు చేసుకుంటూ, వచ్చింది. ఆవిడ నాతోపాటు తనూ అలాగే పీలుస్తూ వదులుతూ కూర్చుంది, నా ఊపిరి ఒక దారికొచ్చేదాకా.

అప్పుడు ఏడ్చాను. పడ్డప్పుడు ఏడవలేదు, ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్ళినప్పుడు ఏడవలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అలా గాలి వదిలి చూపించేసరికి నాలో ఏదో తెగిపోయింది.

సిస్టర్ వచ్చి ముక్కులో చుక్కలు వేసింది, కాసేపటికి తేలికపడింది. వాంతి సంగతి కూడా తెల్లారాక జూనియర్ డాక్టరమ్మ నిదానంగా చెప్పారు. కడుపులో ఉన్నది ద్రవమే కాబట్టి ముందుకి వంగి తల దించితే పళ్ళ సందుల్లోంచీ ముక్కులోంచీ వచ్చేస్తుందని, కటింగ్ ప్లేయర్ దాకా వెళ్ళడం చాలా అరుదని. ఆ రెండు మాటలు ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి నాకు ఉండేది కాదు.

పెద్దమ్మకి ఇవన్నీ ఎలా తెలుసంటే, ఆవిడ తన తోటికోడలికి సాయంగా వచ్చింది. తోటికోడలికి అంగిలి క్యాన్సర్. పై దవడ కొంత తీసేశారు. మన ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు తెలిసిందే. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. ముక్కులో వేసిన గొట్టంలోకి సిరంజితో అంబలి పట్టడం, నోరు కడగడం, పుండుకి నొప్పి తగలకుండా దిండ్లు సర్దడం, అన్నీ ఆవిడ ఆ తోటికోడలి దగ్గరే నేర్చుకుంది. ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చి నలభై ఏళ్ళు దాటిందట.

తర్వాతి రోజు నుంచి నా తిండి ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది. నా కేస్ షీట్లో "లిక్విడ్ డైట్" అని రాసి ఉంది. ఆ ద్రవం నోట్లోకి ఎలా వెళ్తుందో ఎవరూ చెప్పలేదు. స్ట్రాతో పీల్చకూడదన్నారు, స్పూను లోపలికి పోదు. అమ్మ గ్లాసు పెదవికి ఆనిస్తే అంతా గడ్డం మీదుగా కారిపోయేది, అదీ నాకు తెలిసేది కాదు. కింది పెదవి, గడ్డం మొద్దుబారిపోయాయి, దవడలోంచి వెళ్ళే నరం దెబ్బతింటే అలాగే ఉంటుందట, తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చట. పెద్దమ్మ సిరంజికి సన్నటి రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని నా బుగ్గకీ పళ్ళకీ మధ్య నుంచి వెనక్కి, చివరి దంతం దాటేదాకా జరిపింది. దంతాల వెనక అక్కడ కాస్త సందుంటుంది. కొంచెం కొంచెం వదిలి, గుటక పడిందా అని నా గొంతు వైపు చూసి, మళ్ళీ కొంచెం. ప్రతిసారీ ముందు తన ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూసేది, "నీ మూతికి వేడి తెలీదు కదా, కాలిపోయినా తెలీదు" అని.

ఏం పెట్టిందో కూడా చెప్పాలి. చోడంబలి, అంటే రాగి అంబలి, పల్చగా కాచి పాత నూలుగుడ్డలో వడకట్టేది, చిన్న పొట్టు ఉన్నా తీగల్లో ఇరుక్కుని రోజంతా గుచ్చుతుందని. కందికట్టు. ఉలవకట్టు, ఉప్పు తగ్గించి. మజ్జిగ. మా ఇంటి నుంచి ప్రొటీన్ పొడి వచ్చింది, అదీ వద్దనలేదు, పాలల్లో కలిపి వడకట్టి పట్టింది. అవన్నీ హాస్పిటల్ వెనక సందులో పేషెంట్ల వాళ్ళు వండుకునే షెడ్లో, తన తోటికోడలి కోసం కాచే కుండలోనే నాకూ కాచేది. పెదవులు ఎండి చిట్లిపోతుంటే వేలితో కొబ్బరినూనె రాసేది. మొదటి రెండు రోజులూ ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి బుగ్గ మీద పెట్టి, కాసేపుంచి తీసి, మళ్ళీ పెట్టేది. తల కింద దిండు మీద దిండు వేసి వాల్చి పడుకోబెట్టేది, "ఇలాగ తొంగుంటే వాపు దిగతాది" అని.

నేను అందరికీ ఫోన్లో రాసి చూపించేదాన్ని. ఆవిడకి చదవడం రాదు. ఇరవై మంది పిల్లలకి రోజూ అక్షరాలు దిద్దించే నాకు ఆ రోజుల్లో ఆవిడతో మాట్లాడే దారి లేదు. ఆవిడే స్టీలు గ్లాసు, స్పూను తెచ్చి నా మంచం మీద పెట్టింది. ఒకసారి కొడితే దాహం, రెండుసార్లు కొడితే లేపి కూర్చోబెట్టాలి, ఆపకుండా కొడితే ఊపిరి. రాత్రి ఏ వేళ కొట్టినా లేచేది. తోటికోడలికి డ్రెస్సింగ్ అయిన రోజు కూడా, ఆవిడ అక్కడ విలవిల్లాడుతుంటే ఇక్కడ నా గ్లాసు చప్పుడు విని పెద్దమ్మ వచ్చింది. ఆ రోజు నేను కొట్టినందుకు ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

డిశ్చార్జి రోజు మా ఆయన కొంత డబ్బు ఇవ్వబోతే ఆవిడ మొహం మాడిపోయింది. "ఏటి బాబూ ఇది, నాను కూలికొచ్చానేటి?" అంది. నేను కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వంగనివ్వలేదు, వంగితే వాపు పెరుగుతుందట. చివరికి అమ్మ ఒక చీర పెట్టింది, అది మాత్రం కళ్ళకద్దుకుని తీసుకుంది, తీసుకెళ్ళి తోటికోడలి మంచం మీద పెట్టింది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. అడ్డపొగ వల్ల అంగిలి ఎలా పాడవుతుందో మన ఆంధ్రలోనే పది వేల మందికి పైగా పల్లె జనాన్ని పరీక్షించి 1971లోనే ఒక అధ్యయనం అచ్చయిందని ఆ జూనియర్ డాక్టరమ్మ చెప్పారు. యాభై ఏళ్ళు దాటిపోయింది. పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో ఇప్పటిదాకా ఒక్కరైనా వచ్చి ఆడవాళ్ళని నోరు తెరవమని చూసింది లేదట. పుండు పెద్దదై అన్నం ముక్కులోకి పోతుంటే అప్పుడు బస్సెక్కారు.

నా వైపు కథ వేరు. ఇన్సూరెన్స్ వాళ్ళు క్యాష్‌లెస్ ఒప్పుకోలేదు, అంటే బిల్లు నేరుగా హాస్పిటల్‌కి కట్టం అన్నారు. కారణం, ఇది "దంత చికిత్స" కిందికొస్తుందట. రోడ్డు మీద పడి దవడ ఎముక విరిగితే అది పిప్పిపన్ను ఎలా అవుతుంది? ప్రమాదం వల్ల అయితే కవర్ అవుతుందని మా పాలసీలోనే రాసి ఉంది. క్యాష్‌లెస్ అడిగిన గంటలో జవాబివ్వాలని, డిశ్చార్జి బిల్లు మూడు గంటల్లో తేల్చాలని 2024 మేలో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. మా తమ్ముడు ఆ సర్క్యులర్ ప్రింటు పట్టుకుని కౌంటర్ దగ్గర పొద్దున్నుంచి చీకటి పడేదాకా నిలబడ్డాడు. చివరికి బంగారం తాకట్టు పెట్టి కట్టాం. రీఇంబర్స్‌మెంట్‌కి పెట్టాం, ఇంకా ఏ కబురూ లేదు. కట్టగలిగినవాళ్ళం కాబట్టి ఇంటికి రాగలిగాం. అంత పెద్ద వార్డుకి రాత్రిపూట ఒక్క సిస్టర్ని పెట్టినవాళ్ళని కూడా అడగాలనుంది. ఆ అమ్మాయి ఒక్క నిమిషం కూర్చోలేదు, ఆ అమ్మాయిని నేను ఒక్క మాట అనను. కానీ ఊపిరెలా తీసుకోవాలో పేషెంటుకి చెప్పాల్సిన పని పక్క మంచం పెద్దావిడ మీద ఎందుకు పడాలి?

ఎవరైనా దవడ ఆపరేషన్‌కి వెళ్తుంటే నన్ను అడగండి. తిండి ఎలా పట్టించాలి, పసిపిల్లల బ్రష్షుతో తీగల చుట్టూ ఎలా తోముకోవాలి, నోరు ఎప్పుడెప్పుడు పుక్కిలించాలి, అన్నీ రాసి పంపుతాను. ఆపరేషన్‌కి ముందే డాక్టర్ని ఈ మూడు అడగండి: ముక్కు మూసుకుపోతే ఏం చేయాలి, వాంతొస్తే ఏం చేయాలి, తాగడం ఎలా. సిగ్గుపడకుండా అడగండి.

మర్చిపోయాను, మా హెడ్మాస్టరుగారు సెలవు కాగితాలన్నీ ఆయనే తిరిగి పెట్టించారు. మూడో తరగతి పిల్లలు పలక మీద "టీచర్ తొందరగా రండి" అని రాసి ఫోటో పంపారు, "తొందరగా"లో సున్న సరిగ్గానే పెట్టారు, చాలా సంతోషం. పక్క పోర్షన్ ఆంటీగారు రోజూ కొబ్బరినీళ్ళు పంపుతున్నారు. వార్డు ఆయమ్మ నా జుట్టులో ఎండిపోయిన నెత్తురు కడిగి చిక్కు తీసింది, ఆవిణ్ణి ఎలా మర్చిపోయానో, ముందే రాయాల్సింది. రక్తం ఇస్తామని వచ్చి, అవసరం లేదంటే కూడా రాత్రి దాకా కూర్చున్న తమ్ముడి స్నేహితులు. అప్పటికప్పుడు మందు తెప్పించి ఇచ్చిన మెడికల్ షాపు అబ్బాయి.

ఇంకొకరు. రోడ్డు మీద పడినప్పుడు నన్ను ఎత్తి ఆటోలో వేసుకుని, దారంతా నా తల ముందుకి వంచి పట్టుకోమని వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళకి చెబుతూ, ఆ నెత్తురు గొంతులోకి పోకుండా హాస్పిటల్ దాకా చేర్చిన ఆటో అతను. డబ్బులు తీసుకోలేదు, పేరు చెప్పలేదు. సీటంతా నెత్తురైంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఎవరో కూడా తెలియదు. తగరపువలస, ఆనందపురం వైపు ఆటో స్టాండుల్లో ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు కబురు చేయండి. కనీసం ఆ సీటు కవరైనా కుట్టించి ఇస్తాం.