సల్సా అంటే స్టెప్పులేనా?

సంపాదకుని గారికి,

మీ ఆదివారం అనుబంధంలో సల్సా అనే లాటిన్ అమెరికా పాట, నృత్యం మీద వచ్చిన వ్యాసం డ్యాన్స్ క్లాసుల దగ్గరే ఆగిపోయింది. పాడేవాళ్ల ఊసే లేదు. కనీసం గాయకుడు ఇస్మాయెల్ రివేరా పేరైనా ఉండాల్సింది.

1931లో కరీబియన్ దీవి ప్యూర్టోరికోలోని సాంతుర్సేలో పుట్టిన రివేరా తాపీపని చేసుకుంటూ పాటలోకి వచ్చారు. 1950ల్లో రాఫాయెల్ కొర్తీహో బృందంతో ఆయన పేరు మోగిపోయింది. బోంబా, ప్లేనా అనే నల్లజాతి జానపద బాణీలను డ్యాన్స్ హాళ్లకు, టీవీకి తెచ్చింది వాళ్లే.

సల్సా గాయకుడి అసలు పనితనం పాట రెండో సగంలో తెలుస్తుంది. కోరస్ ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ అందుకుంటుంది. మధ్య ఖాళీలో గాయకుడు అప్పటికప్పుడు మాటలు అల్లాలి. పాట మొత్తానికీ ఆధారమైన ‘క్లావే’ అనే లయ మాత్రం తప్పకూడదు. చాలామంది ఆ ఖాళీకి సరిపడా పాడి ఊరుకుంటారు. రివేరా అలా కాదు. కోరస్ మీదికే దూసుకెళ్లి, గుక్కతిప్పుకోకుండా మాటలు కుక్కి, అర్థం లేని అక్షరాలతోనూ దరువేసి, చివరికి ఠంచనుగా తాళంలో దిగేవారు. కర్ణాటక సంగీతంలో ఒకే పాదాన్ని తాళం తప్పకుండా రకరకాలుగా పాడే నెరవల్ వినే అలవాటున్నవాళ్లకు అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. క్యూబా గాయకుడు బెనీ మోరే అంతటివాడు ఆయన్ని ‘సొనేరో మయోర్’, అంటే ఇలా అప్పటికప్పుడు అల్లి పాడేవాళ్లలో అందరికన్నా పెద్ద, అన్నది ఊరికే కాదు.

1962లో డ్రగ్స్ కేసులో పట్టుబడి కొన్నేళ్లు జైల్లో ఉన్నారు. బయటికొచ్చాక ‘లోస్ కచింబోస్’ అనే సొంత బృందం పెట్టారు. 1987లో కన్నుమూశారు.

ఈసారి సల్సా గురించి వేసేటప్పుడు గాయకులకూ ఒక అరపేజీ ఇవ్వండి.

– ఒక పాఠకుడు, విజయవాడ