గేటు దగ్గర పూలమ్మే అవ్వకి

రాత్రి పదకొండున్నర. చెన్నై నుంచి ఇప్పుడే సూళ్లూరుపేట చేరాం. పాపకి మొదటి గ్రోత్ హార్మోన్ సూది వేసి పడుకోబెట్టా. నాకు నిద్ర రావడంలేదు, ఈ నాలుగు రోజులూ ఆదుకున్నవాళ్లకి థాంక్స్ చెప్పుకుందామని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

పాపకి ప్రాడర్-విల్లి అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బని మీలో కొందరికి తెలుసు. 15వ క్రోమోజోములో వాళ్ల నాన్న వైపు నుంచి రావాల్సిన చిన్న ముక్క లేదు. ఎవరి తప్పూ కాదన్నారు. పుట్టినప్పుడు పాలు పీల్చే ఓపిక లేక ముక్కులో ట్యూబు పెట్టించుకున్న పిల్ల, ఇప్పుడు ఐదేళ్లకి ఎంత తిన్నా కడుపు నిండిందని తెలీదు. ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం వేశాం. వీధిలో బజ్జీల వాసనకి ఏం తాళం వేస్తాం?

సూది మొదలుపెట్టే ముందు నిద్ర పరీక్ష, వెన్నెముక ఎక్స్‌రే అంటే నాలుగు రోజులు ఉన్నాం. రెండో రోజు హాస్పిటల్ గేటు ముందు బోండాల బండి చూసి పాప రోడ్డు మీద పడి ఏడ్చింది. "పది రూపాయలకి పిల్లని ఏడిపిస్తావా" అని ఒకాయన తనే కొనివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టా. అందరూ నన్ను రాక్షసిని చూసినట్టు చూశారు. పూలమ్మే అవ్వ మాత్రం ఏమీ అడగలా. "వా కణ్ణు" (రా కన్నా) అని పాపని పక్కన కూర్చోబెట్టుకుని, కనకాంబరాలు రెండేసి అందించమంది. గంటసేపు పిల్ల కదల్లా. నాకొచ్చిన అరకొర అరవంలో జబ్బు సంగతి చెప్పా. తలూపింది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే అవ్వ గంప వదిలేసి, ట్రాన్స్‌ఫార్మర్ వెనక గోడవైపు తిరిగి, పెరుగన్నం గబగబా తింటోంది. మమ్మల్ని చూడగానే డబ్బా కొంగు కింద దాచేసింది. పాప ముందు తినకండి అని చుట్టాల్ని ఎన్ని పెళ్లిళ్లలో బతిమాలానో. ఈమెకి ఎవరూ చెప్పలా. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశా. వచ్చేరోజు మూడు మూరలు కొంటే డబ్బులు తీసుకోలా. పేరన్నా అడగలేదు చూడండి, నా మొద్దుబుర్ర.

అమ్మ, మా ఆయన, చిన్నాడపడుచు: మీకు వేరే చెప్పాలా.

ఒక్కటి మాత్రం కక్కకుండా ఉండలేను. కేంద్ర ప్రభుత్వం 2021 అరుదైన వ్యాధుల పాలసీలో ప్రాడర్-విల్లి పిల్లలకి గ్రోత్ హార్మోన్ అని జబ్బు పేరుతో సహా ఉంది. 2022లో సాయం 50 లక్షల దాకా పెంచారు. ఆ కాగితం ప్రింటు తీసి చేతికిచ్చినా ఒక ఆఫీసులో "మా లిస్టులో లేదు" అని మూడుసార్లు తిప్పారు. ఈ నెల సూదులు నా గాజులు తాకట్టు పెట్టి కొన్నవి.

అయ్యో, మర్చిపోయా! మందు 2 నుంచి 8 డిగ్రీల్లోనే ఉండాలని ఐస్ ప్యాకులు మార్చిచ్చిన మెడికల్ షాపు తమ్ముడు, నిద్ర పరీక్షకి తలనిండా వైర్లతో ఉన్న పాపకి అర్ధరాత్రి దాకా కథలు చెప్పిన సిస్టర్, మెమూ రైల్లో సీటిచ్చిన కాలేజీ పిల్లలు. ఇంకా ఆ ఆటో ఆయన... ఉండండి, ఫ్రిజ్ దగ్గర చప్పుడవుతోంది.