రంగులు మెరవకపోయినా అది ఓపలే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో రత్నాల మీద వేసిన వ్యాసంలో రంగులు మెరవని ఓపల్ రాయి నకిలీదని రాశారు. అది తప్పండీ, దయచేసి సరిదిద్దండి. మా అన్న కొడుకు అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని వర్జిన్ వ్యాలీకి వెళ్లి, డబ్బు కట్టి, తన చేత్తో తవ్వుకున్న ఓపల్ గడ్డ ఒకటి నాకు తెచ్చిచ్చాడు. పిడికిలంత ఉంటుంది, మీగడ రంగు. ఒంగోలులో ఒక రాళ్ల షాపులో చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోకుండా డూప్లికేట్ అనేశారు. ఇప్పుడు మీరూ అదే అచ్చేసేసరికి ఇంట్లో అందరూ పిల్లాడు మోసపోయాడనుకుంటున్నారు, నాకు చాలా బాధేసింది.

అది కామన్ ఓపల్. రంగుల ఓపల్ అయినా ఇదైనా సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే), నీళ్లు కలిసి గట్టిపడిందే. లోపలి సిలికా గోళీలు, కంటికి ఆననంత చిన్నవి, ఒకే సైజులో వరసగా పేర్చుకుని ఉంటే వెలుగు విడిపోయి రంగులు కనిపిస్తాయి, వరస కుదరకపోతే కనిపించవు.

వర్జిన్ వ్యాలీలో సుమారు కోటిన్నర ఏళ్ల కిందట సరస్సులుండేవి. అగ్నిపర్వతాల బూడిద వాటిలో పడి, అందులోని గాజు పొడి మెల్లగా కరిగి, ఆ సిలికా నీళ్లతో పాటు అడుగు మట్టిలోకి దిగి, సందు దొరికిన చోటల్లా, మునిగిన చెట్ల కొమ్మల్లో కూడా, జిగురులా పేరుకుని రాయయింది. మన రేగడి చేలల్లో శనగకు దున్నేటప్పుడు సున్నపు గడ్డలు తగులుతాయి చూడండి, అవీ ఎవరో తెచ్చి పోసినవి కావు, నీళ్లలోని సున్నం మట్టిలోనే పేరుకుని గడ్డ కట్టినవి. సరుకు వేరు, గడ్డ కట్టే తీరు ఇంచుమించు అదే. స్పెయిన్‌లో మాడ్రిడ్ చుట్టుపక్కల పాత సరస్సుల మట్టిలోనూ ఇలాంటి ఓపల్ గడ్డలున్నాయి.

మాది చీమకుర్తి, గెలాక్సీ గ్రానైట్‌లో చుక్కల మెరుపు చూసి రేటు కట్టే ఊరు. మెరిసేదానికి ఎక్కువ రేటు పలకడం న్యాయమే, కానీ మెరవనిదాన్ని నకిలీ అంటే ఒప్పుకోలేను.

సవరణ వేసేటప్పుడు ఇంకో మాట కూడా రాయండి. ఓపల్‌లో మామూలుగా 3 నుంచి 10 శాతం దాకా నీళ్లుంటాయి, ఎండితే కొన్ని పగులుతాయి. తెలియక నేను కిటికీలో పెట్టాను, ఒక్క వేసవికే సన్నగా బీటలు పడ్డాయి. ఇప్పుడు గాజు సీసాలో నీళ్లు పోసి అందులో ఉంచుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా