సిల్వర్ కారు డోరు సంగతి, మీకు చెప్పాల్సిన నాలుగు మాటలు

నమస్తే అండీ. ఒంగోలు కర్నూలు రోడ్డులో మన టింకరింగ్ షాపుకి ఏళ్ల తరబడి వస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ నెలలో మీలో నలుగురికి చెప్పిన రోజుకి బండి ఇవ్వలేకపోయాను. ఎర్ర కారు వాళ్లయితే పొదిలిలో పెళ్లికి అద్దె కారు మాట్లాడుకుని వెళ్లాల్సి వచ్చింది. ఆ అద్దె డబ్బులు బిల్లులో తగ్గించాను, కానీ పెళ్లికి సొంత కారులో వెళ్లలేకపోయారన్న మాట మాత్రం మిగిలిపోయింది. తప్పు నాదే.

షాపు ముందు 24 రోజులు ఎడమ పక్క ముందు డోరు లేకుండా, టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ సిల్వర్ కారుని మీరందరూ చూసే ఉంటారు. దాని వల్లే ఇదంతా. ఎదురుగా టీ కొట్లో ఒకాయన "మేస్త్రికి చెయ్యి పడిపోయింది, సొట్ట తీయడం చేతగాక డోర్లు మార్చడం మొదలెట్టాడు" అన్నాడట. నా చెవిన పడింది. 27 ఏళ్లుగా సుత్తి పట్టుకున్నవాడికి ఆ మాట ఎట్టా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఆ కారు ఒక రిటైర్డ్ మాస్టారిది, ఆరేళ్ల బండి. చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లతో వచ్చిన లారీ టిఫిన్ హోటల్ ముందు వెనక్కి తీస్తూ, దాని మూలతో డోరు నడుముని నొక్కేసింది. చూస్తే పెద్ద గిన్నెంత సొట్ట. అంచులు బాగున్నాయి, కీలు బాగుంది, అద్దం దిగుతోంది, ఎక్కుతోంది. అక్కడే నిలబడి "8,500 ఇవ్వండి మాస్టారూ, మూడు రోజుల్లో తీసుకెళ్లండి" అన్నాను. మొదటి తప్పు ఇదే. లోపలి ప్యాడ్ విప్పకుండా అంచనా చెప్పాను. రెండో తప్పు, ప్యాడ్ విప్పకుండానే బయట నుంచి పిన్నులు వెల్డు పెట్టి లాగడం మొదలెట్టాను. లోపల వైరింగ్ ఉండగా అట్టా చేయకూడదని మా కుర్రాళ్లకి నేనే నేర్పాను.

ఒకటిన్నర రోజు లాగాను. చుట్టూ రేకు చక్కగా వచ్చేసింది. మధ్యలో జానెడు చోటు మాత్రం రాలేదు. లాగితే వస్తుంది, వదిలితే టక్కున లోపలికి పోతుంది. రేకు సాగిందేమో అని వేడి చేసి తడిగుడ్డ అద్దాను. సాగిన రేకు దానికి బిగుసుకుంటుంది. ఇది బిగుసుకోలేదు. అప్పుడు ప్యాడ్ విప్పి, లోపలున్న ప్లాస్టిక్ కాగితం తీసి, టార్చి వేసి చూశాను.

డోరు లోపల అడ్డంగా ఒక ఉక్కు బీమ్ ఉంటుంది. పక్క నుంచి ఏదైనా బండి గుద్దితే అది లోపల కూర్చున్న మనిషి మీదికి రాకుండా ఆపేది అదే. బయట కనపడే రేకు అందానికి, బీమ్ ప్రాణానికి. ఆ బీమ్ లోపలికి వంగి, రేకుని పట్టుకుని వదలడం లేదు. వంగిన చోట నల్ల పెయింటు పొర పెచ్చులుగా లేచి, గోరంత వెడల్పున మడత పడింది.

ఇక్కడి నుంచి నాకు రెండు రోజులు నిద్ర లేదు. నా దగ్గర హైడ్రాలిక్ జాకీ ఉంది. దాంతో తోస్తే బీమ్ తిన్నగా వస్తుంది. దాచడం దేనికి, తోశాను కూడా. కంటికి తిన్నగానే వచ్చింది, రేకు కూడా దాంతోపాటే లేచింది. ఇంకో పూట పని చేసి, పుట్టీ పెట్టి, రంగేసి ఇస్తే మాస్టారికి తెలియదు, ఇంకెవరికీ తెలియదు. నేను చెప్పిన 8,500కే పని అయిపోయేది, నా మాటా నిలబడేది. మా కుర్రాడు కూడా "వచ్చేసింది కదన్నా, ఇంకేంది" అన్నాడు. కానీ ఆ మడత పోలేదు. వేలితో తడిమితే తగులుతూనే ఉంది. ఆ బీమ్ మామూలు రేకు కాదు, గట్టిదనం కోసం ప్రత్యేకంగా చేసిన ఉక్కు. ఒకసారి మడత పడ్డాక తిన్నగా కనపడుతుంది గానీ ముందున్న బలం రాదు, ఈసారి గుద్దితే అక్కడే మడుస్తుంది. వేడి చేసి సరిచేద్దామంటే ఉన్న బలం కూడా పోతుంది. రేకు అయితే నా సుత్తి మాట వింటుంది. బీమ్ వినదు.

నెల్లూరులో నాకు పని నేర్పిన గురువు "రేకు పని రేకుతోనే అవ్వాలి, పుట్టీ బొట్టు పెట్టినంతే ఉండాలి" అనేవాడు. డోరు మార్చడం అంటే ఓడిపోవడం అన్న నమ్మకంతోనే నేను పెరిగాను. ఇప్పటికీ నా మొగ్గు రిపేరు వైపే. కారుతో పుట్టిన డోరు కూర్చున్నట్టు కొత్తది కూర్చోదు. కొత్తది ఉత్త డోరే వస్తుంది, అద్దం, లాక్, వైరింగ్, బీడింగ్ అన్నీ పాతదాంట్లోంచి తీసి ఎక్కించాలి. రంగు సంగతి సరేసరి. రంగు కోడ్ ఉంటే చాలనుకుంటారు గానీ ఆరేళ్లు ఎండ తిన్న సిల్వర్‌కి డబ్బాలో సిల్వర్ కలవదు, పక్కనున్న ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) మీదికి, వెనక డోరు మీదికి కూడా కొంచెం కొంచెం పారించాలి. అయినా మూడో రోజు సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి "డోరు మార్చాలండీ, నేను తొందరపడి చెప్పాను" అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇన్సూరెన్స్ పెట్టమంటారా అని ఆయన అడిగారు. చాలామంది ఇదే అడుగుతారు కాబట్టి చెబుతున్నా. బంపర్ టు బంపర్ (సామాను పాతబడిందని ధర కోయని కవరు) లేని మామూలు పాలసీలో, ఐదేళ్లు దాటి పదేళ్ల లోపున్న బండికి లోహపు భాగాల ధరలో 40 శాతం కోస్తారు, రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకి సగం కోస్తారు. 1500 సీసీ లోపు బండికి తప్పనిసరిగా మీ జేబులోంచి 1,000 పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మాస్టారికి క్లెయిమ్ లేకుండా వచ్చిన 50 శాతం బోనస్ ఉంది. ఇప్పుడు పెడితే అది సున్నా అయి, మళ్లీ 20 శాతం నుంచి ఏడాదికో మెట్టు ఎక్కుతూ 50కి రావడానికి ఐదేళ్లు. అన్నీ కలిపి లెక్కేసుకుని ఆయన వద్దన్నారు.

ఇప్పుడు అసలు గొడవ. చెన్నై నుంచి నాకు స్పేర్లు పంపే ఒకాయనతో 14 ఏళ్ల పరిచయం. బిల్లు అడిగింది లేదు, బాకీ పెట్టింది లేదు. "కంపెనీ డోరే అన్నా, సీలు కూడా తీయలేదు" అంటే నమ్మి ఫోన్లో 9,000 అడ్వాన్సు కొట్టాను. ఏడో రోజు పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె మూల తడిసి ఉంది. పార్ట్ నంబరు స్టిక్కర్ లేదు. సరే, చినిగిపోయిందేమో అనుకుని బిగించి చూశాను. పైన సందులో రూపాయి బిళ్ల దూరుతోంది, కింద కాగితం కూడా దూరడం లేదు. వెనక డోరు మీది గీత కంటే దీని గీత నాలుగు మిల్లీమీటర్లు కిందికి ఉంది. సగం రోజు కీళ్లు సర్దాను. పై సందు సరి చేస్తే కింద తగులుతుంది. అప్పుడు లోపల చూస్తే, పాతదాంట్లో బీమ్ కొసల్లో వరసగా వెల్డు చుక్కలు ఉన్న చోట దీంట్లో చెరో రెండు చుక్కలు.

ఫోన్ చేస్తే ఆయన అన్నది ఇది: "అందరూ అవే వేసుకుంటున్నారు, నీకొక్కడికే ఏంది ఇంత పట్టింపు?" తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆఖరికి ఎవరో కుర్రాడు ఎత్తి, ట్రాన్స్‌పోర్టులో వంగి ఉంటుంది, మాకు సంబంధం లేదన్నాడు. ట్రాన్స్‌పోర్టులో వెల్డు చుక్కలు రాలిపోతాయా? 9,000 పోయింది. ఆయన పేరు రాయను. డబ్బు పోయినందుకు కాదు నాకు బాధ, ఆ పట్టింపు అన్న మాటకి. నా షాపులో ఉన్నదే ఆ పట్టింపు.

తొమ్మిదో రోజు కంపెనీ కౌంటర్లోనే 11,400 పెట్టి డోరు బుక్ చేశాను. వారం అన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. అది వచ్చేసరికి వాన పట్టుకుంది. మన వైపు కార్తీకంలో వానలు తెలిసిందే, ఆ తేమలో క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే మెరుపు పొర, కొడితే తెల్లగా మసక వేస్తుంది. రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నా. ఈలోగా ఉన్న ఒక్క షెడ్డూ ఇరుక్కుని మీ బండ్లు ఆగిపోయాయి. నేను ఫోన్ల మీద అరుచుకుంటూ తిరగడం వల్ల కూడా ఆగాయి, అదీ ఒప్పుకోవాలి.

మాస్టారి దగ్గర డోరు ధర, రంగు డబ్బులు తీసుకున్నాను. సుత్తి పనికి రూపాయి తీసుకోలేదు. ఆయన ఇవ్వబోతే కసిరాను, తర్వాత సిగ్గేసింది.

ఇకనుంచి డోరు సొట్టతో ఎవరు వచ్చినా ముందు ప్యాడ్ విప్పి, బీమ్ మీకే చూపించి, అప్పుడే ధర చెబుతాను. అరగంట పడుతుంది. పని వద్దనుకుంటే మళ్లీ బిగించి పంపుతా, ఏమీ తీసుకోను. బీమ్ తిన్నగా ఉంటే, అంచు చిట్లకుండా ఉంటే రిపేరే చేస్తాను, ఎవరు మార్చమన్నా వినను. చేశాక లోపలి వైపు తుప్పు పట్టకుండా మైనం మందు కొట్టే ఇస్తాను, కొత్తపట్నం ఉప్పుగాలికి అది లేకపోతే రెండు వానాకాలాల్లో రంగు కింద నుంచి పొంగుతుంది. మార్చాల్సి వస్తే కంపెనీ డోరే, దాని బిల్లు మీ చేతికి ఇస్తాను. సగం ధరకి వచ్చే డోరు కావాలంటే దొరికే చోట్లు చాలా ఉన్నాయి, నా దగ్గర మాత్రం కాదు. మొండోడు అనుకున్నా సరే.

వంగిన బీమ్ ఉన్న పాత డోరు, చెన్నై డోరు రెండూ షాపులో గోడకి ఆనించి పెట్టాను. టీ కొట్లో మాట్లాడినాయన కూడా వచ్చి చూడొచ్చు.

ఆగిపోయిన బండ్లలో తెల్లది, నీలంది ఈ శనివారానికి అయిపోతాయి. మిగతా వాళ్లకి నేనే ఫోన్ చేస్తాను. వచ్చేటప్పుడు డోరు అరల్లో ఉన్న కాగితాలు, చిల్లర తీసుకుని రండి, ప్యాడ్ విప్పుతాం కదా.