సౌర తుపానుకూ హెచ్చరిక కావాలి

అయ్యా,

మాది అంతర్వేది దగ్గర పల్లె. నాన్న చుక్కల్ని చూసి బోటు తిప్పేవాడు, నేను జీపీఎస్ తెర చూసి తిప్పుతున్నాను. ఆ సిగ్నల్ ఉపగ్రహం నుంచి పై వాతావరణంలో విద్యుదావేశ కణాలుండే అయనోస్పియర్ పొరను దాటి రావాలి. సూర్యుడి మీద పేలుళ్లు జరిగి సౌర తుపాను వస్తే ఆ పొర కల్లోలమై లెక్క తప్పుతుంది. పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది కూడా. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు సౌర తుపానుకే, అప్పుడే వదిలిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో 38 గాలి ఒరిపిడికి కిందికి జారి కాలిపోయాయి.

మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక సూర్యుణ్ని కనిపెట్టుకునే ఉంది. వాయుగుండం పడితే రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు కదా, ఈ సౌర తుపాను కబురు కూడా తెలుగులో మా ఫోన్లకు పంపండి. చీకట్లో, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేటల మధ్య పది మీటర్ల తేడా వస్తే ఎంత టెన్షనో అధికారులు ఒక్కసారి మా బోటెక్కి చూడాలి.

- ఒక మత్స్యకారుడు, సఖినేటిపల్లి మండలం