అమ్మ కుట్టుకూలి లెక్కలో లేదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల మార్కుల సంగతి పక్కన పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లలు నడిపిన చిన్న కంపెనీ గురించి రాస్తున్నాను.

నలభైమంది తలా 20 రూపాయలు వేసి వాటాలు కొన్నారు. పెట్టుబడి 800. ఓట్లేసుకుని మేనేజర్‌ని, క్యాషియర్‌ని ఎన్నుకున్నారు. 40 గుడ్డసంచులు చేయించి, ఒక్కోటి 20 రూపాయలకు అమ్మేశారు. గుడ్డకు, దారానికి, పట్టీలకు 650 పోగా 150 లాభమని బోర్డు మీద రాసి చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక బెంచీలో ఒక పాప లేచింది. "సార్, సంచులన్నీ మా అమ్మే కుట్టింది. బయట కుట్టిస్తే సంచికి ఐదు రూపాయలు తీసుకుంటారు. అది రాయలేదు."

క్లాసంతా నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే నాకూ అప్పటిదాకా తట్టలేదు. క్యాషియర్ బాబు చాక్‌పీస్ తీసుకుని 650 కింద 200 రాశాడు. ఖర్చు 850, అమ్మకం 800. యాభై నష్టం. కూలి ఇవ్వాలా వద్దా అని అడిగితే ఒక్క చెయ్యి కూడా కిందికి దిగలేదు. ఆ సాయంత్రమే 200 రూపాయలు కవర్లో పెట్టి ఆ తల్లికి పంపారు. వాటా విలువ 18 రూపాయల 75 పైసలకు పడింది. ఆ డబ్బుతోనే రెండో విడత మొదలుపెట్టారు. ఈసారి ధర 25 అని వాళ్లే తేల్చారు.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. 1919లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జూనియర్ అచీవ్‌మెంట్ అనే లాభాపేక్ష లేని సంస్థ మొదలైంది. కాగితం కంపెనీ యజమాని హొరేస్ మోజెస్, టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ అధిపతిగా చేసిన థియోడర్ వెయిల్, సెనేటర్‌గా చేసిన ముర్రే క్రేన్ దాన్ని నిలబెట్టారు. పిల్లలు బడి అయ్యాక కలిసేవారు. వాటాలమ్మి, సరుకు చేసి, అమ్మి, చివర లెక్క తేల్చి కంపెనీ మూసేసేవారు. 1975 నుంచి పాఠాలు బడివేళల్లోకీ వచ్చాయి. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసేవాళ్లే వచ్చి ఉచితంగా చెబుతారు. మన దేశంలోనూ ఆ సంస్థ పనిచేస్తోంది. మన బడికి దానితో ఒప్పందమేమీ లేదు, పద్ధతి మాత్రం తీసుకున్నాం.

వచ్చే ఏడాది పదో తరగతి, ఇప్పుడివన్నీ ఎందుకని కొందరు అడిగారు. మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ 'రెండు రూపాయల వడ్డీ' మన ఇళ్లలో రోజూ వినే మాట. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. యాభై వేల అప్పు మీద ఏడాదికి 12,000 అని పిల్లలు లెక్కగట్టి ఉలిక్కిపడ్డారు. శాతాల పాఠం ఇంత శ్రద్ధగా విన్న రోజు నేను చూడలేదు.

ఇంట్లో మీరూ ఒక పని చేయండి. కరెంటు బిల్లు, సరుకుల పద్దు, ఇబ్బంది లేకపోతే చీటీ లెక్క కూడా పిల్లల ముందు పెట్టండి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరున సేవింగ్స్ ఖాతా తామే నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది. ఎంతవరకు డబ్బు తీయవచ్చో మీ బ్యాంకులో కనుక్కోండి.

ఇంకొకటి. శనివారం చివరి పీరియడ్‌కు వచ్చి మీ పని గురించి చెప్పండి. డ్యూటీ దిగేటప్పుడు టికెట్ల లెక్క ఎలా అప్పజెబుతారో కండక్టరన్న చెప్పాలి. గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో ముందే ఎలా అంచనా వేస్తారో మేస్త్రీ చెప్పాలి. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు, పెద్ద ఉద్యోగమే కానక్కర్లేదు. పేర్లు క్లాస్ టీచర్‌కి ఇస్తే చాలు. మొదటి శనివారం సంచులు కుట్టిన ఆ తల్లి తన మిషన్‌తో సహా వస్తానన్నారు.

మీ ప్రధానోపాధ్యాయుడు